తీసేయగా మిగిలిన పాట

రోలింగ్ స్టోన్స్ వాళ్ళ 'సాటిస్‌ఫాక్షన్' మొదట్లో వచ్చే గిటార్ వరసలో ఉన్నవి మూడే స్వరాలు. మూడూ ఒకే తీగ మీద పలుకుతాయి. ఫజ్ పెడల్‌లోంచి గరగరలాడుతూ వచ్చి, ఓ మెట్టు పైకెక్కి, అక్కడ కాసేపు తారట్లాడి, బయల్దేరిన చోటికే దిగిపోతాయి. ఎక్కడికీ చేరని ఆ నడకలోనే పాట సారమంతా ఉంది: ఎంత తిరిగినా తృప్తి లేదు. 1965 మే నెలలో హాలీవుడ్‌లోని ఆర్‌సీఏ స్టూడియోలో రికార్డయిన ఆ వరసని, రాక్ సంగీతంతో పెద్దగా పరిచయం లేనివాళ్ళు కూడా ఎక్కడో విన్నట్టుందే అనుకుంటారు.

ఈ పాటని తర్వాత పాడుకున్న ముగ్గురిని చూడండి. ఓటిస్ రెడ్డింగ్ అదే ఏడాది అందులోంచి గరగరలాడే గిటార్‌ని తీసేశాడు. డీవో అనే అమెరికన్ బృందం 1977లో ఆ వరసనే తీసేసింది. క్యాట్ పవర్ పేరుతో పాడే షాన్ మార్షల్ 2000లో వచ్చిన తన ఆల్బమ్‌లో ఏకంగా పల్లవినే ఎత్తేసింది. గిటార్ పోయింది, వరస పోయింది, పల్లవి పోయింది. పాట మాత్రం పోలేదు.

ఒక బృందం పాటని ఇంకొకరు కొత్తగా పాడినప్పుడు, అంటే కవర్ చేసినప్పుడు, ఏం చేర్చారని వెతకడం మనకి అలవాటు. కొత్త వాద్యమా, కొత్త వేగమా, కొత్త గమకమా అని చూస్తాం. నేను ఏం వదిలారని వెతుకుతాను. పాటలో దేన్ని వదిలేయవచ్చో తెలియాలంటే ఆ పాట ప్రాణం ఎక్కడుందో ముందు తెలిసి ఉండాలి. చేర్చడానికి పాండిత్యం చాలు. వదలడానికి ప్రేమా ఉండాలి, తెగింపూ ఉండాలి.

తెలుగు చెవికి ఇది కాస్త అలవాటు లేని దారి. కచేరీలో త్యాగరాజ కృతిని అందుకున్న విద్వాంసుడు రాగం మార్చడు, తాళం మార్చడు, సాహిత్యం జోలికి పోడు. గురువు దగ్గర నేర్చిన పాఠానికి సంగతులు వేస్తాడు, నెరవు చేస్తాడు, స్వరకల్పన చేస్తాడు. అతని మనోధర్మమంతా పెంచుకుంటూ పోవడంలో కనిపిస్తుంది. అన్నమయ్య కథ వేరు. రాగిరేకుల మీద ఆయన సాహిత్యం మిగిలింది, రాగాల పేర్లు మిగిలాయి, వరసలు మిగల్లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారూ, నేదునూరి కృష్ణమూర్తి గారూ, బాలమురళీకృష్ణ గారూ కట్టిన బాణీల్లోనే మనం ఆయన్ని వింటున్నాం. పోల్చి చూడటానికి మొదటి పాట మన దగ్గర లేదు. కవర్‌కి మొదటి పాట ఉంటుంది. వినేవాడి చెవిలో అది అప్పటికే మోగుతూ ఉంటుంది. అందుకే గాయకుడు తీసేసిన ప్రతిదీ శ్రోతకి తెలిసిపోతుంది, ఖాళీ కూడా వినిపిస్తుంది. ఆ ఖాళీని పలికించడం ఈ కళకి ప్రాణం.

ఓటిస్ రెడ్డింగ్‌తో మొదలుపెడదాం. స్టోన్స్ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరిన 1965 జూలై రోజుల్లోనే, మెంఫిస్ నగరంలోని స్టాక్స్ స్టూడియోలో అతని 'ఓటిస్ బ్లూ' ఆల్బమ్ దాదాపు ఒక్క రోజులో తయారైంది. అందులో ఈ పాట ఉంది. గిటార్ పలికిన మూడు స్వరాలనీ ఇక్కడ ట్రంపెట్, శాక్సఫోన్‌లు ఊదేస్తాయి. తమాషా ఏమిటంటే, ఆ వరసని తాను మొదట ఇత్తడి వాద్యాల కోసమే ఊహించాననీ, గిటార్ మీద వాయించింది గుర్తు కోసమేననీ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ తర్వాత చెప్పుకున్నాడు. ఓటిస్ తనకి తెలియకుండానే, రికార్డుకి ముందు పాట కన్న కల దగ్గరికి వెళ్ళి దాన్ని నిజం చేశాడన్నమాట.

అంతకంటే పెద్ద మార్పు భావంలో జరిగింది. స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ పాడిన మనిషి పెదవి విరిచే మనిషి. రేడియోలో పనికిరాని కబుర్లు, టీవీలో చొక్కాల తెలుపు గురించి ప్రకటనలు, వీటన్నిటి మీదా అతనికి చిరాకు. ఓటిస్‌కి ఆ చిరాకుతో పని లేదు. మాటల్ని తోచినట్టు విరిచేస్తాడు, కొన్నిటిని మింగేస్తాడు, వ్యంగ్యమంతా గాలికి కొట్టుకుపోతుంది. ఆల్ జాక్సన్ డ్రమ్ముల మీద ఒక్కొక్క దెబ్బా నేలని తొక్కినట్టు పడుతుంటే, తృప్తి లేదు లేదంటూనే అతను పండగ చేసుకుంటాడు. చివరికి వచ్చేసరికి మాటలు ముక్కలై, అక్షరాలై, ఇత్తడి వాద్యాలతో పందెం వేసుకుని పరిగెత్తే కేకలవుతాయి. సాహిత్యం అసంతృప్తి గురించే, రసం మాత్రం ఉత్సాహం. విభావం మారలేదు, స్థాయీభావం మారిపోయింది. రసం గురించి ఏళ్ళ తరబడి చదువుకున్న సూత్రం రెండున్నర నిమిషాల్లో ఇలా చెవికి తగిలితే కలిగే ఆనందం ఇంతా అంతా కాదు.

డీవో వాళ్ళది ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్, టైర్ల ఫ్యాక్టరీల ఊరు. బృందాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన జెరాల్డ్ కసాలే 1970 మే 4న కెంట్ స్టేట్ యూనివర్సిటీలో ఉన్నాడు. ఆ రోజు నేషనల్ గార్డు కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. మనిషి ముందుకి కాదు, వెనక్కి పరిణమిస్తున్నాడన్న వాళ్ళ సిద్ధాంతం ఆ అనుభవంలోంచి బలపడింది. బృందం పేరూ ఆ సిద్ధాంతంలోంచి వచ్చిందే. అటువంటివాళ్ళ చేతికి 'సాటిస్‌ఫాక్షన్' చిక్కింది.

వాళ్ళు మొట్టమొదట చేసిన పని, లోకమంతా గుర్తుపట్టే ఆ వరసని పారేయడం. దాని చోట బాస్ గిటార్ అడ్డదిడ్డంగా గెంతుతుంది. ఆలన్ మయర్స్ డ్రమ్ము దెబ్బ పడాల్సిన చోట పడదు, పడకూడని చోట పడి కూర్చుంటుంది. గిటార్ చిన్న చిన్న తునకలుగా టిక్కుటిక్కుమంటుంది. మార్క్ మదర్స్‌బా గొంతు ఎక్కిళ్ళు పెడుతుంది. ఒకచోట చిన్న ముద్దుమాట ఒకదాన్ని పట్టుకుని, ఊపిరి తీసుకోకుండా, దాని అర్థం ఆవిరైపోయేదాకా తిప్పి తిప్పి అంటాడు. ప్రియురాలిని పిలిచే మాట యంత్రం చేసే చప్పుడైపోతుంది. జాగర్ పాటలోని మనిషి ప్రకటనల్ని అసహ్యించుకున్నాడు. డీవో పాటలోని మనిషి ఆ ప్రకటనలు తయారు చేసిన సరుకు. నవ్వొస్తుంది, నవ్వు వెనకాలే జుగుప్స వస్తుంది. హాస్యం, బీభత్సం ఒకే గుక్కలో తాగించగలగడం చిన్న విద్య కాదు. 1978 అక్టోబరులో 'సాటర్డే నైట్ లైవ్' కార్యక్రమంలో పసుపుపచ్చ ఫ్యాక్టరీ దుస్తులేసుకుని, కీలుబొమ్మల్లా కదులుతూ వాళ్ళు ఈ పాట వాయిస్తుంటే అమెరికా ఇళ్ళలో చాలామంది అయోమయంగా చూసి ఉంటారు. రికార్డు వేయడానికి ముందు జాగర్‌కి టేపు వినిపించారట. కాసేపు కదలకుండా విని, లేచి నాట్యం చేశాడని కసాలే చెబుతాడు. తన పాటలోంచి పేరుమోసిన భాగం మాయమైనా అది తన పాటేనని జాగర్ ఒళ్ళు గుర్తుపట్టింది.

ఇక క్యాట్ పవర్. ఆమె ఆల్బమ్ పేరే 'ద కవర్స్ రికార్డ్'. మొదటి పాట ఇదే. ఒక గిటార్, ఒక గొంతు, అంతే. గిటార్ కూడా ఒక మడత దగ్గరే నెమ్మదిగా తిరుగుతుంటుంది. చరణం అయిపోతుంది. ఇక పల్లవి వస్తుందని ఒళ్ళంతా సిద్ధమవుతుంది. రాదు. ఆమె ఏమీ జరగనట్టు రెండో చరణంలోకి వెళ్ళిపోతుంది. అదీ అయిపోతుంది. మళ్ళీ రాదు. పల్లవిలో అరిచి చెప్పుకునే అవకాశం ఉండేది కాబట్టి స్టోన్స్ మనిషికి కాస్తయినా ఉపశమనం ఉండేది. ఈమెకి అదీ లేదు. ఊళ్ళు తిరిగే మగ గాయకుడి గొప్పలూ ఫిర్యాదులూ ఒక ఆడమనిషి గొంతులోకి వచ్చేసరికి, ఆ గొప్పల గాలి తీసేసినట్టయి, కింద ఉన్న అలసట బయటపడుతుంది. తృప్తి కావాలని అడగడం కూడా మానేసిన స్థితి అది. నిర్వేదం అన్న మాట ఎన్నో వ్యాఖ్యానాల్లో చదివాను, దాని బరువు ఎంతో ఈ పాటలో తెలిసింది.

మూడు కవర్లలోనూ జరిగింది ఒకటే. తీసేసిన భాగాన్ని శ్రోత తన మనసులో తనే పాడుకున్నాడు. డీవో వాయించని వరస వాళ్ళ వరస మీద నీడలా పడుతూనే ఉంటుంది. క్యాట్ పవర్ పాడని పల్లవి ప్రతి చరణం చివరా మనలో మోగుతుంది. చెప్పినదానికంటే చెప్పకుండా తోచేదానికి మన ఆలంకారికులు పెద్ద పీట వేశారు, దాన్ని ధ్వని అన్నారు. కవర్‌లో ఆ పని శ్రోత జ్ఞాపకం చేసిపెడుతుంది. గాయకుడు సగం పాడతాడు, మిగతా సగం మనం పాడతాం. సహృదయుడు లేకపోతే కావ్యం లేదన్న మాటకి ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు కనబడలేదు.

చట్టానికి ఈ సూక్ష్మం తట్టిందో లేదో గానీ, అమెరికాలో దారి మాత్రం అది వేసింది. ఒకసారి విడుదలైన పాటని, నిర్ణయించిన రుసుము కట్టి ఎవరైనా రికార్డు చేసుకోవచ్చన్న నియమం అక్కడ 1909 నుంచీ ఉంది. తమ శైలికి తగ్గట్టు అమర్చుకోవచ్చు, అయితే పాట మూల స్వభావాన్ని మార్చకూడదని 1976 చట్టం అంటుంది. మూల స్వభావం ఏమిటో మాత్రం చట్టం చెప్పదు. గొప్ప కవర్లన్నీ ఆ చెప్పని చోటులోనే పుట్టాయి.

మరి చేర్చడమే కనిపించే కవర్ల మాటేమిటి? జో కాకర్‌నే తీసుకోండి. బీటిల్స్ 1967లో 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్ కోసం 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్' రికార్డు చేశారు. లెనన్, మెకార్ట్‌నీ కలిసి దాన్ని తమ డ్రమ్మర్ రింగో స్టార్ కోసం రాశారు. రింగోది పెద్ద గొంతు కాదు. అందుకని వరస కొద్ది స్వరాల ఇరుకు సందులోనే నడుస్తుంది, చివర ఒక్కచోటే పైకి ఎగరాలి. మిగతావాళ్ళు ప్రశ్నలు అడుగుతారు, రింగో జవాబు చెబుతాడు. నడక చలాకీగా ఉంటుంది. శ్రుతి తప్పితే నన్ను వదిలేసి పోతారా అని అడిగే ఆ మనిషికి, పోరని ముందే తెలుసు. స్నేహితులు పక్కనే నిలబడి పాడుతున్నారు మరి.

షెఫీల్డ్ నగరంలో గ్యాస్ పైపులు బిగించే పని చేసిన కాకర్ మరుసటి ఏడాది ఆ పాటని తీసుకున్నాడు. ముందు ఆర్గాన్ ఒంటరిగా మొదలవుతుంది, గుళ్ళో ప్రార్థనకి ముందులాగా. ఆ తర్వాత జిమ్మీ పేజ్ గిటార్, బీజే విల్సన్ డ్రమ్ములు విరుచుకుపడతాయి. చతురశ్రంలో గంతులేసిన పాట తిశ్రంలోకి మారి, బరువుగా, ఒక్కొక్క అడుగూ ఈడ్చుకుంటూ ఊగుతుంది. వేగం సగానికి సగం తగ్గింది. ప్రశ్నలు అడిగేది ఇప్పుడు ఆడగొంతుల బృందం. జవాబు చెప్పడానికి కాకర్ పడే యాతన వింటే, ఆ జవాబు మీద అతనికి నమ్మకం లేదని తెలుస్తుంది. పైకి చూస్తే ఇదంతా చేర్పే. ఆర్గాన్ చేరింది, బృందగానం చేరింది, నిడివి ఐదు నిమిషాలకి చేరింది. లోపల జరిగింది మాత్రం తీసివేత. రింగో పాటకి ఊపిరి పోసిన భరోసాని కాకర్ తీసేశాడు. అది పోగానే వేళాకోళంగా ఉన్న ప్రశ్నలన్నీ నిజమైన ప్రశ్నలైపోయాయి. సరదాగా కూర్చుని పాడుకున్న పాట, మునిగిపోతున్న మనిషి వేసిన కేకయింది. చేర్చినవన్నీ ఆ ఖాళీని మోయడానికే వచ్చాయి.

1968 నవంబరులో ఆ రికార్డు బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. 1969 ఆగస్టు 17 మధ్యాహ్నం వుడ్‌స్టాక్ సంగీతోత్సవ మైదానంలో కాకర్ దీనితోనే తన కచేరీ ముగించాడు. అక్కడ ఆడగొంతులు లేవు, బృందంలోని మగవాళ్ళే కీచుగొంతులు పెట్టి ప్రశ్నలు అడిగారు. హాస్యాస్పదం కావాల్సింది, కాలేదు. లేని గిటార్‌ని మీటుతూ వంకర్లు పోయే కాకర్ చేతుల్ని, మాట అందక గొంతు చీలి వచ్చిన ఆ అరుపుని ఆ ఉత్సవం మీద వచ్చిన సినిమాలో చూసినవాళ్ళెవరూ నవ్వలేరు. రాసినవాళ్ళలో ఒకడైన మెకార్ట్‌నీ కూడా కాకర్ దీన్ని ఆత్మని కదిలించే గీతంగా మార్చాడని మెచ్చుకున్నాడు.

దీనికి ఎదురు దారిలో నడిచిన కవర్ ఒకటుంది. నాకు అన్నిటికంటే దగ్గరైనదీ అదే. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ 1970లో 'లోడెడ్' ఆల్బమ్‌లో వినిపించిన 'స్వీట్ జేన్' హుషారైన వీధి పాట. లూ రీడ్ మాట్లాడుతున్నట్టు పాడతాడు, గిటార్ ధీమాగా నడుస్తుంది. అయితే పాటలో అంతకు ముందు ఇంకో భాగం ఉండేది, స్వర్గాన్నీ మద్యాన్నీ గులాబీల్నీ తలుచుకునే మెత్తని మలుపు. ఆల్బమ్‌లో దాన్ని కత్తిరించేశారు. ఆల్బమ్ బయటికి వచ్చేనాటికి రీడ్ బృందంలో లేడు, ఆ కత్తిరింపు గురించి అతను చాలాకాలం బాధపడ్డాడు. 1969 నాటి కచేరీల రికార్డు 1974లో విడుదలైనప్పుడు ఆ నెమ్మదైన రూపం, ఆ మలుపుతో సహా, జనానికి దొరికింది.

కెనడా బృందం కౌబాయ్ జంకీస్ పట్టుకున్నది ఆ రూపాన్నే. 1987 నవంబరు 27న టొరంటోలోని హోలీ ట్రినిటీ చర్చిలో, ఒకే ఒక్క మైకు చుట్టూ బృందమంతా చేరింది. ఒక్క మైకుతో రికార్డు చేస్తే తర్వాత సర్దుకోవడానికి వీలుండదు. ఏ వాద్యం ఎంత వినిపించాలో, ఆ వాద్యకారుడు మైకుకి ఎంత దూరంలో నిలబడ్డాడన్న దాన్నిబట్టి తేలిపోతుంది. అందుకే ఆ రికార్డులో ప్రతి చప్పుడుకీ ఒక దూరం ఉంది, చర్చి గోడలకి తగిలి తిరిగొచ్చే గాలి ఉంది. డ్రమ్ముల్ని కొట్టడం లేదు, తడుముతున్నారు. బాస్ గిటార్ పక్క గదిలోంచి వస్తున్నట్టుంది. గాయని మార్గో టిమ్మిన్స్ గొంతు ఎత్తదు. వీధి, జనం, హుషారు, మగతనపు ధీమా, అన్నీ పోయాయి. అవి పోగానే, అసలు రికార్డు కత్తిరించి పారేసిన ఆ మెత్తని మలుపు పాటకి గుండెకాయ అయి కూర్చుంది. హృదయమంటూ ఉన్న ఎవరూ దాన్ని పగలగొట్టుకోరన్న భావం రీడ్ గొంతులో తర్కంలా వినిపించేది. ఈమె గొంతులో అది ఎవరికి వారు చెప్పుకునే ఓదార్పు. తన పాటల కవర్లలో దీనికి సాటి లేదన్నట్టు రీడ్ దీన్ని మెచ్చుకున్నాడు. మొదటి రికార్డు వదిలేసినదాన్ని అందుకుని, అది ఉంచుకున్నదాన్ని వదిలేసిన కవర్ ఇది. ఇలా వింటే మొదటి రికార్డు మీద భక్తి కాస్త సడలుతుంది. అది పాటకి ఆఖరి రూపం అని ఎవరన్నారు? ఒకానొక రోజున, ఒకానొక స్టూడియోలో తీసుకున్న మొదటి నిర్ణయం, అంతే.

తీసేసిందల్లా రసమే అనుకుంటే పొరపాటు. 2010లో 'ద సోషల్ నెట్‌వర్క్' సినిమా ట్రైలర్‌లో రేడియోహెడ్ వాళ్ళ 'క్రీప్' పాటని బెల్జియం అమ్మాయిల బృందం స్కాలా పాడింది. అసలు పాటలోని గిటార్ గర్జన లేదు, ఒక పియానో, లేత గొంతుల సమూహం ఉన్నాయి. నన్ను నలుగురూ చేర్చుకోరు అని కుమిలే ఒంటరివాడి మాటలు నలభై యాభై గొంతులు ఏకమై పాడుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ తీసివేతకి కారణం ఉంది. ఆ తర్వాత ట్రైలర్ తర్వాత ట్రైలర్‌లో ఇదే వాడుకైంది. ఏ హుషారు పాటనైనా పట్టుకో, వేగం తగ్గించు, డ్రమ్ములు తీసేయ్, పియానో పెట్టు, అమ్మాయి చేత గుసగుసగా పాడించు. ఇక్కడ వదిలింది ఏమీ లేదు, వేషం మార్చారంతే. ఎందుకు తీశావని పాట అడిగితే వీటి దగ్గర జవాబు ఉండదు. ఔచిత్యం లేని చోట రసం నిలవదని ఆలంకారికుడు క్షేమేంద్రుడు చెప్పింది వీటికి సరిగ్గా సరిపోతుంది. ఏదీ వదలకుండా మూసలో పోసినట్టు పాడేవాళ్ళూ అంతే. వాళ్ళ నైపుణ్యాన్ని మెచ్చుకుంటాం, ఇంటికెళ్ళి మొదటి రికార్డే పెట్టుకుంటాం.

ఇప్పుడు జానీ క్యాష్. నైన్ ఇంచ్ నెయిల్స్ పేరుతో ట్రెంట్ రెజ్నర్ 1994లో విడుదల చేసిన 'ద డౌన్‌వర్డ్ స్పైరల్' ఆల్బమ్ 'హర్ట్' పాటతో ముగుస్తుంది. రెజ్నర్‌కి అప్పటికి ముప్పై నిండలేదు. తనని తాను గాయపరుచుకుని, ఇంకా నొప్పి తెలుస్తోందా అని చూసుకునే మనిషి పాట అది. గిటార్ వరసలో షడ్జం పక్కన ప్రతిమధ్యమం లాంటి స్వరం పొడుచుకొస్తుంటుంది. కల్యాణిలో మనకి అందంగా వినిపించే ఆ దూరమే ఇక్కడ పంటి కింద రాయిలా కలుక్కుమంటుంది, ముడి విడని చోట ఆగిపోతుంది. రెజ్నర్ గుసగుసలాడతాడు, వెనక ఏదో హోరు పాకుతుంటుంది, చివరికి అది పాటని మింగేస్తుంది. మొదటిసారి వింటే భయమేస్తుంది.

2002లో విడుదలైన 'అమెరికన్ 4' ఆల్బమ్‌లో క్యాష్ దీన్ని పాడాడు. అతనికి డెబ్బై ఏళ్ళు, ఆరోగ్యం పాడైపోయింది. నిర్మాత రిక్ రూబిన్ ఈ పాట తెచ్చి ముందు పెట్టాడు. ఏమేం వదిలారో లెక్క చూడండి. ఆ కలుక్కుమనే స్వరాన్ని తీసేశారు, అకూస్టిక్ గిటార్ల మీద మామూలు జానపద వరసలే మిగిలాయి. హోరు తీసేశారు, దాని బదులు పియానో ఒకే స్వరాన్ని మొండిగా కొడుతూ పెంచుకుంటూ పోతుంది. ఒక్క మాట మార్చారు. రెజ్నర్ తన తల మీద ఉందన్న అశుద్ధపు కిరీటం క్యాష్ దగ్గర ముళ్ళ కిరీటమైంది. యువకుడి ఆత్మనింద ఆ ఒక్క మాటతో క్రీస్తు కథలోకి నడిచింది, పాపం, క్షమ అన్న మాటలు ఉచ్చరించకుండానే పాటలోకి వచ్చాయి. జీవితమంతా సువార్త గీతాలు పాడుకున్న మనిషికి ఆ మాట ఎక్కడి నుంచో తేవాల్సిన అవసరం లేకపోయింది.

ఇవన్నీ ఒక ఎత్తు. క్యాష్ వదిలిన అసలైనది యవ్వనం. నేనేమైపోయానని ముప్పైలోపు అడిగితే అందులో భయం ఉంటుంది, మారడానికి ఇంకా జీవితం ఉందన్న ఆశా ఉంటుంది. అదే ప్రశ్నని డెబ్బైలో అడిగితే అది లెక్క ముగించడం. ప్రశ్న మారలేదు, కాలం మారింది. తనకు తెలిసినవాళ్ళందరూ వెళ్ళిపోతారన్న భావం రెజ్నర్ నోట ఒంటరితనపు అతిశయోక్తి. క్యాష్ నోట అది జరిగిన సంగతి. అతని గొంతు అక్కడక్కడ వణుకుతుంది, స్వరం చివర నిలవక జారిపోతుంది. వాటిని సరిదిద్దకుండా ఉంచేశారు. మార్క్ రొమానెక్ తీసిన వీడియోలో మూతబడి పాడుబడ్డ క్యాష్ మ్యూజియం కనిపిస్తుంది, కుర్రాడిగా ఉన్న క్యాష్ పాత చిత్రాలు కనిపిస్తాయి, మెట్ల మీద నిలబడి భర్తని చూస్తున్న జూన్ కార్టర్ ముఖం కనిపిస్తుంది. 2003 మే నెలలో ఆమె, సెప్టెంబరు 12న అతనూ చనిపోయారు. అది తెలిసి చూసినా, తెలియక చూసినా కరుణ ఒకేలా కమ్ముకుంటుంది. ఆ వీడియో చూశాక పాట ఇక తనది కాదనిపించిందని రెజ్నర్ అన్నాడు.

ఇక్కడ నా వాదానికి ఒక చిక్కు వస్తుంది. 'హర్ట్' అంటే క్యాష్ పాటేనని అనుకునేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. మన దగ్గర కూడా యూట్యూబ్‌లో మొదట దీన్ని విని, అసలు పాట ఇంకొకరిదని ఆలస్యంగా తెలుసుకున్నవాళ్ళు తక్కువేం కాదు. మొదటి పాట చెవిలో లేనివాడికి ఏం వదిలారో ఎలా తెలుస్తుంది? ధ్వని ఎక్కడి నుంచి పుడుతుంది? తెలియకపోయినా ఫరవాలేదని క్యాష్ పాట రుజువు చేస్తుంది. వదిలినదాని చోటు ఊరికే ఖాళీగా ఉండిపోలేదు. హోరు పోయిన చోటుని డెబ్బై ఏళ్ళ బతుకు నింపింది. మంచి కవర్‌కి అది రెండో పరీక్ష: తెలిసినవాడికి ఖాళీ వినిపించాలి, తెలియనివాడికి వెలితి అనిపించకూడదు. రెండూ నెగ్గినవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి.

క్యాష్‌ని విన్నాక రెజ్నర్ పాటకి తిరిగి వెళితే, అదివరకు భయపెట్టిన హోరు ఇప్పుడు జాలి పుట్టిస్తుంది. ఆ కుర్రాడు ఎందుకంత చప్పుడు వెనక దాక్కున్నాడో అర్థమవుతుంది. కవర్ తన ముందున్న పాటకి చేసే మేలు ఇది. దాన్ని చెరిపేయకుండానే, దాని గురించి దాన్ని రాసినవాడికి కూడా తెలియని సంగతి చెబుతుంది. ఏమేం తీసేసినా నిలబడేది ఏదో, ఆ పాట అదే. ఆ సంగతి ఇంకొకరు ధైర్యం చేసి తీసి చూస్తే తప్ప బయటపడదు. ఇంతవరకూ ఎవరూ కవర్ చేయని పాట ఎంత గొప్పదైనా, దాని గురించి మనకి తెలిసింది సగమే.